పుండు మానింది, పాప మాత్రం చిక్కిపోతోంది

గోదావరి జిల్లాల నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమెకు ఆరేళ్ళ పాప ఉంది. నాలుగు నెలల క్రితం బంధువుల పెళ్ళిలో ఆ పాప వంటలు జరిగే చోట ఆడుకుంటూ, వెనక్కి నడుస్తూ వెళ్ళి, అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన సాంబారు గుండిగలో కూలబడింది. నడుము, పిరుదులు, తొడలు, ఒక చెయ్యి కాలాయి. శరీరంలో 28 శాతం కాలిందని డాక్టర్లు చెప్పారు. ఐదు వారాలు ఆసుపత్రిలో ఉంచి, రెండుసార్లు చర్మం అతికించారు. ఇప్పుడు గాయాలు దాదాపు మానాయి, ఒకటి రెండు చోట్ల మాత్రం రూపాయి బిళ్ళంత పచ్చిగా ఉన్నాయి. ప్రమాదానికి ముందు 18 కిలోలున్న పాప ఇంటికి వచ్చేనాటికి 16 కిలోలుంది, ఇప్పుడు 15.5 కిలోలకు దిగింది. డిశ్చార్జి కాగితం మీద 'హై ప్రోటీన్ డైట్' అని రాసి ఉంది కానీ, అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పలేదు. ఇంట్లో అత్తగారు కఠినంగా పథ్యం పెట్టిస్తున్నారు. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, చేప నంజు చేస్తాయని, వంకాయ, గోంగూర దురద పెంచుతాయని, పెరుగు చలవ చేస్తుందని అన్నీ మాన్పించి, చారన్నం, ఇడ్లీ, పొద్దున ఒక గ్లాసు పాలు మాత్రమే ఇవ్వనిస్తున్నారు. భర్త మాత్రం తాను చూసుకుంటానని చెప్పి పాపను వదిలేసినందుకే ఇలా జరిగిందని కుమిలిపోతూ, పాప అడిగిందల్లా, చిప్సు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు, తెచ్చి ఇస్తున్నారు. తల్లి ఎవరికీ తెలియకుండా పక్కింట్లో గుడ్డు ఉడికించి తెచ్చి, నానమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని పెడుతోంది. ఒక్కో పూట అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చి గంటన్నర కూర్చోవలసి వస్తోందని, పళ్ళెంలో పొగలు కనిపిస్తే పాప ముఖం తిప్పేసుకుంటుందని, రాత్రిళ్ళు దురదతో నిద్రపోదని రాశారు. మందుల షాపులో పనిచేసే బంధువు ఒక ప్రోటీన్ పొడి డబ్బా కొనమంటున్నాడట. "ఎవరి మాట వినాలి? పథ్యం తప్పితే పుండు తిరగబెడుతుందా? బరువు ఎందుకు పెరగడం లేదు?" అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందుగా మీ రెండో ప్రశ్నకు సమాధానం చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. పప్పు వల్ల చీము పట్టదు. గాయంలో సూక్ష్మజీవులు చేరినప్పుడు వాటితో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాలు, ఆ సూక్ష్మజీవులు, పాడైన కణజాలం కలిసినదే చీము. అవి చేరేది శుభ్రంగా లేని చేతుల నుంచి, గుడ్డల నుంచి, గోళ్ళతో గీరడం నుంచి. వాటిని ఎదిరించే కణాలూ, ప్రతిరక్షకాలూ తయారయ్యేది మాంసకృత్తులతోనే, అంటే ప్రోటీన్లతోనే కాబట్టి, పప్పూ గుడ్డూ మాన్పించిన శరీరం చీము పట్టడానికి మరింత అనువుగా తయారవుతుంది. మీ పాప ఒంటి మీద ఇంకా పచ్చిగా ఉన్న ఆ రెండు చోట్లు మానకపోవడానికి కారణాలు చాలా ఉండవచ్చు, అవి డాక్టరు చూసి చెప్పవలసినవి. కానీ తిండి చాలకపోవడం వాటిలో ఒకటి కావడానికి అవకాశం బాగా ఉంది.

ఇక బరువు సంగతి. గాయం మూసుకుంటే కాలిన జబ్బు అయిపోయినట్టే అని మనందరం అనుకుంటాం. శరీరంలో ఐదో వంతు కంటే ఎక్కువ కాలినప్పుడు అది నిజం కాదు. ఒళ్ళంతా ప్రమాదం జరిగిన రోజునే ఇంకా నిలబడి ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా ఊరుతూనే ఉంటాయి, గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకుంటుంది, ఊరికే కూర్చున్నప్పుడు కూడా శక్తి ఎక్కువగా ఖర్చవుతుంది, చర్మం అల్లుకోవడానికి కావలసిన ముడిసరుకు తిండిలో దొరకకపోతే శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది. ఇది వారాలతో ఆగదు, నెలల తరబడి సాగుతుంది. అమెరికాలోని గాల్వెస్టన్‌లో పిల్లల కాలిన గాయాలకు ప్రత్యేకంగా ఉన్న ష్రైనర్స్ ఆసుపత్రి వైద్యులు, 40 శాతానికి పైగా కాలిన పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి, ప్రమాదం తర్వాత రెండేళ్ళ దాకా వాళ్ళ ఎత్తు పెరిగే వేగం కూడా మందగించిందని చూపించారు. మీ పాపకు కాలింది అంతకంటే తక్కువే కాబట్టి భయపడవద్దు. అయితే ఆమె పోగొట్టుకున్న రెండున్నర కిలోల్లో కండ వాటా చాలా ఉంటుందనీ, దాన్ని చారన్నం తిరిగి తేలేదనీ మాత్రం గ్రహించాలి.

కొంచెం లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ళ లోపు ఆరోగ్యవంతులైన పిల్లలకు రోజుకు దాదాపు 16 గ్రాముల మాంసకృత్తులు చాలు. మీరు రాసిన తిండిని, అంటే మూడు పూటలా కలిపి గుప్పెడు గుప్పెడు అన్నం, రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు, లెక్కగడితే అంతో ఇంతో ఆ 16 గ్రాములే వస్తున్నాయి. బయటివాళ్ళకు "బాగానే తింటోందిగా" అనిపించేది అందుకే. కానీ తీవ్రంగా కాలిన పిల్లలకు కిలో బరువుకు మూడు గ్రాముల దాకా ఇస్తారు. కోలుకుంటున్న దశలో మీ పాపకు కిలోకు రెండు నుంచి మూడు గ్రాములు అనుకున్నా రోజుకు 31 నుంచి 46 గ్రాములు కావాలి. ఈ రెంటి మధ్య ఎంత అన్నది పాపను చూసే డాక్టరో డైటీషియనో చెప్పాలి. ఎటు చూసినా ఇప్పుడు అందుతున్నది అవసరంలో సగమో, అంతకంటే తక్కువో.

'హై ప్రోటీన్ డైట్' అన్న మూడు ముక్కల్ని వంటింటి భాషలోకి మార్చి చెప్పే మనిషి డిశ్చార్జి రోజున ఒక్కరైనా ఉండి ఉంటే మీ ఇంట్లో ఈ గొడవ సగం ఉండేది కాదని నా నమ్మకం. ఆ పని ఇక్కడ చేస్తాను. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. 200 మిల్లీలీటర్ల పాలలోనో, అంతే పెరుగులోనో మరో ఆరు. 30 గ్రాముల పచ్చి పప్పులో, అంటే రెండు పెద్ద చెంచాల పప్పులో, ఆరు ఏడు. ఒక చిన్న గుప్పెడు వేరుశనగ గుళ్ళలో ఐదు. రోజుకు రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలూ పెరుగూ, కాస్త పప్పు, కొన్ని పల్లీలు, మామూలు అన్నం, ఇడ్లీ కలిస్తే నలభై దాటుతుంది. ఇందులో మీ ఊళ్ళో దొరకనిదీ, మీరు కొనలేనిదీ ఏదీ లేదు. బడికి పంపడం మొదలయ్యాక మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, పల్లీ చిక్కీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. శక్తి కోసం అన్నం రాశి పెంచనక్కరలేదు, అంత పట్టే పొట్ట కాదు ఆమెది. అదే ముద్దలో చెంచా నెయ్యో నూనో కలపండి.

మాంసకృత్తులతో పాటు మరి కొన్ని చిన్న విషయాలు. కాలిన చర్మం గుండా కారిపోయిన రసితో జింకు, రాగి వంటి లవణాలు బోలెడు పోతాయి. జామకాయలోని సి విటమిన్ చర్మపు అల్లికకు అవసరం. పండిన బొప్పాయి, మునగాకు, గుడ్డు పచ్చసొన ఎ విటమిన్ ఇస్తాయి. ఎముకల సంగతి వేరుగా చెప్పాలి. కాలి మానిన చర్మం ఎండలో డి విటమిన్‌ను సరిగా తయారు చేసుకోలేదు, పైగా కొత్త చర్మం మీద ఎండ పడితే మచ్చ నల్లగా నిలిచిపోతుందని ఎండ తగలనివ్వొద్దంటారు. ఎండలో కూర్చోబెడితే సరిపోతుందనుకునే వీలు ఈ పిల్లలకు లేదన్నమాట. అందుచేత ఈసారి చూపించడానికి వెళ్ళినప్పుడు డి విటమిన్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించమని మీరే అడగండి. చుక్కలో మాత్రలో అవసరమైతే వాళ్ళే రాస్తారు. జింకు మాత్రలు మాత్రం సొంతంగా కొని వేయవద్దు, జింకు ఎక్కువైతే రాగి ఒంటికి పట్టదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి, మీ అత్తగారు. మీకు మూడు దారులున్నాయి. మొదటిది ఇప్పుడు మీరు నడుస్తున్నదే, చాటుగా పెట్టడం. గుడ్డు పొట్టలోకి వెళుతుంది కనుక ఈ దారి పనికిరానిదని అనను, కానీ దాని ఖరీదు తెలుసుకోండి. ఒట్టు పెట్టించి తినిపించిన గుడ్డు తప్పు చేసి తిన్న గుడ్డవుతుంది. ఆరేళ్ళ పిల్ల ఆ భారం మోయలేదు. రేపు ఎప్పుడైనా పుండు కాస్త తడిసిందనుకోండి, నిజం బయటపడి, గుడ్డు వల్లే అయిందని ఇల్లంతా తీర్మానిస్తుంది, ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా వినరు. రెండో దారి, ఆమెను ఎదిరించి మీ ఇష్టప్రకారం వండడం. పాపకు తిండి దొరుకుతుంది కానీ, డ్రెస్సింగులకూ ఫిజియోథెరపీకీ మీరు పరుగెత్తే రోజుల్లో ఇంట్లో పాపకు ఉన్న రెండో మనిషిని మీరు దూరం చేసుకుంటారు. మూడో దారి, ఆమెను ఈ పనిలోకి తీసుకురావడం. ఇది నిదానంగా జరిగేది, వారం పది రోజులు పట్టవచ్చు. నా మొగ్గు దీనివైపే, అయితే ఇంట్లో గాలి ఎటు వీస్తుందో మీకు తెలిసినంత నాకు తెలియదు.

మూడో దారిలో వెళ్ళదలిస్తే, తరవాత ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మీ ఆయనను కాకుండా అత్తగారిని వెంట తీసుకెళ్ళండి. "పాపకు పప్పు, గుడ్డు పెట్టొచ్చా?" అన్న ప్రశ్న మీరు కాదు, ఆమే అడగాలి. జవాబు కోడలి నోటి నుంచి వస్తే వాదన, డాక్టరు నోటి నుంచి వస్తే వైద్యం. పథ్యంలో అన్నిటినీ ఒక్కసారి తీసేయమని కూడా పట్టుబట్టకండి. వంకాయ, గోంగూర ఆమె మాట ప్రకారమే మానేయండి, వాటిలో మాంసకృత్తులు ఎలాగూ పెద్దగా లేవు, అవి లేకపోయినా పాపకు నష్టం ఏమీ లేదు. ఆమె మాట నిలిచిన చోటు ఒకటి ఇంట్లో ఉండాలి. ఆపైన సున్నుండలు చేయమని అడగండి. మినప్పప్పు, బెల్లం, నెయ్యి. మన జిల్లాల్లో ఈడొచ్చిన ఆడపిల్లకు బలం కోసం సున్నుండలు పెట్టింది ఆమె తరం వాళ్ళే. పప్పు చీము పట్టిస్తుందన్న మనిషి చేతుల మీదుగానే పప్పు పాప నోట్లోకి వెళుతుంది, ఒక్కో ఉండలో రెండు మూడు గ్రాముల మాంసకృత్తులతో సహా. ఇందులో కాస్త మాయ ఉందని ఒప్పుకుంటాను, కానీ ఎవరినీ మోసగించని మాయ ఇది.

ఒక్క విషయంలో ఆమెను తీసిపారేయకండి. ఏదైనా ఒక పదార్థం తిన్న ప్రతిసారీ పాప ఒంటి మీద దద్దుర్లు లేస్తే, అది పాపకు పడదని అర్థం, దాన్ని ఆపి డాక్టరుకు చెప్పాలి. మానుతున్న చర్మపు దురద మాత్రం వేరు. కాలిన చోట నూనె గ్రంథులు పోయి చర్మం ఎండిపోవడం, కొత్త నరాలు పెరగడం దానికి కారణాలు, తిండి కాదు. పూర్తిగా మూసుకున్న చోట్ల రోజుకు నాలుగైదు సార్లు కొబ్బరినూనె గానీ వాళ్ళు రాసిన క్రీము గానీ మెల్లగా రాయడం, గోళ్ళు పొట్టిగా కత్తిరించడం, పలుచని నూలు బట్టలు వేయడం సాయపడతాయి. ఇవి చాలకపోతే దురద తగ్గించే మందు అడగండి. నిద్ర లేని పిల్లకు ఆకలి ఉండదు. ఆమె బరువుకూ రాత్రి దురదకూ సంబంధం ఉంది.

మీ ఉత్తరంలో మీరు దారిన పోతూ రాసినట్టు రాసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పళ్ళెంలో పొగలు కనిపిస్తే పాప ముఖం తిప్పేసుకుంటుంది అన్నారు. అమ్మా, ఆ పిల్లను కాల్చింది పొగలు కక్కే సాంబారు. పొగ, పప్పు వాసన, ఇంగువ పోపు ఘాటు, గిన్నె దించే చప్పుడు, ఇవన్నీ మనకు భోజనం, ఆమెకు ఆ రోజు. మీరు మొండితనం అనుకుంటున్నదానిలో భయం పాలు ఎంతో ఒకసారి గమనించండి. కొన్నాళ్ళు సాంబారు అన్న పేరే ఎత్తకండి. అన్నం ఆమె కంటపడని చోట చల్లార్చి, గోరువెచ్చగా, పొగ లేకుండా తెచ్చి, ముందు వేలితో తాకి చూసుకోనివ్వండి. పప్పును ద్రవంగా కాకుండా వేరే రూపాల్లో ఇవ్వండి. పెసరట్టు, శనగల గుగ్గిళ్ళు, పల్లీ చిక్కీ, చల్లారిన పొంగలి. వంట జరిగేటప్పుడు తనను మరో గదిలో ఉంచండి. నెలలు గడిచినా ఈ బెదురు పోకపోతే, లేదా నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తూ ఉంటే, పిల్లల మానసిక వైద్యులకు చూపించడం కూడా చికిత్సలో భాగమే.

గంటన్నర సేపు, ఫోను చూపిస్తూ, నోట్లో కుక్కి తినిపించడం ఆపమంటే మీకు గుండె ఆగినట్టుంటుందని తెలుసు. ఆ కుక్కడం వల్లే ఈ మాత్రమైనా బతుకుతోందని మీ భయం. కానీ నాలుగు నెలలుగా ఈ పిల్ల ఒంటి మీద జరిగిన ఏ పనిలోనూ ఆమె ఇష్టం లేదు, కట్టు విప్పడం, సూది గుచ్చడం, చెయ్యి సాగదీయడం, ఏదీ. 'వద్దు' అనగలిగిన ఒకే ఒక్క చోటు నోరు. పూటకు అరగంట మించకుండా, రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. "తింటావా?" అని కాక "అట్టా, గుడ్డా?" అని అడగండి. మిగిలినదాన్ని మాట్లాడకుండా తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు తిండి తగ్గవచ్చు, ఆ సంగతి ముందే తెలిసి ఉంటే మీరు బెదరరు. తినగానే డ్రెస్సింగుకు గానీ ఫిజియోథెరపీకి గానీ తీసుకెళ్ళకండి, నొప్పిని అన్నంతో ముడిపెట్టేసుకుంటుంది. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం ఉందేమో చూడండి, అది కూడా ఆకలిని చంపేస్తుంది.

మీ ఆయన తెచ్చే చిప్సులూ కూల్‌డ్రింకులూ పాపను బుజ్జగించడానికి కాదు, తనను తాను క్షమించుకోవడానికి. ఆయనను దీని మీద నిలదీస్తే లాభం లేదు. ఆ సీసాలోని తీపి చిన్న పొట్టను నింపి, వచ్చే పూట గుడ్డును బయటికి నెట్టేస్తుందని మాత్రం చెప్పండి. తీపి వల్ల బరువు పెరిగినా అది కొవ్వే గాని కండ కాదు. పూర్తిగా ఆపించడం ఒక దారి, అయితే పాప ముందు ఆయన చెడ్డవాడవుతాడు. నెలకు రెండు మూడుసార్లకు తగ్గించి, దాని బదులు సాయంత్రం గుడ్డట్టు వేసి పెట్టే పనీ, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు చేయించే పనీ ఆయనకు అప్పగించడం మరో దారి. తిన్న మాంసకృత్తులు కండగా మారేది ఆ కండకు పని చెప్పినప్పుడే. మోకాళ్ళు, చెయ్యి చాచడం, మెట్లెక్కడం, దాగుడుమూతలు, ఇవన్నీ తిండిలో సగం లెక్క.

ప్రోటీన్ పొడి గురించి నాకు వ్యతిరేకత లేదు, తొందర మాత్రం వద్దంటాను. డబ్బా వెనక అక్షరాలు చదవండి. పిల్లల కోసమని అమ్మే చాలా పొడుల్లో ఎక్కువ భాగం చక్కెర, ధాన్యాల పిండి. ఒక వడ్డింపులో ఎన్ని గ్రాముల మాంసకృత్తులున్నాయో చూసి గుడ్డు ధరతో పోల్చుకుంటే మీకే తెలుస్తుంది. పెద్దవాళ్ళు కండల కోసం వాడే పొడులు ఆరేళ్ళ పిల్లకు ఇవ్వవద్దు. పాలలో రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపితే నాలుగైదు గ్రాములు అదనంగా వస్తాయి, ముందు అది చేసి చూడండి. నిజంగానే నోటితో చాలడం లేదని డాక్టరు అనుకుంటే వైద్యపరమైన పాలపొడులు రాస్తారు. అప్పటికీ బరువు దిగుతుంటే కొన్నాళ్ళు ముక్కు గొట్టం ద్వారా రాత్రిపూట ఆహారం ఇవ్వవచ్చు. ఆ మాట వింటేనే తల్లులు హడలిపోతారు కానీ, పగలంతా నోట్లో కుక్కడం కంటే అది పిల్లకు తక్కువ హింస అయిన సందర్భాలున్నాయి. అలాంటి ప్రస్తావన వస్తే వెంటనే కాదనకండి.

ఇవన్నీ మొదలుపెట్టాక వారానికి ఒక్కసారి, ఒకే తూకం మీద, పొద్దున్నే, ఒకే రకం బట్టల్లో బరువు చూసి గోడ క్యాలెండరు మీద రాయండి. రోజూ చూడకండి, నూరు గ్రాముల హెచ్చుతగ్గులకు మీరు నిద్రపోరు. వరసగా రెండు వారాలు బరువు తగ్గినా, పాదాలు వాచినా, జ్వరం వచ్చినా, మానిన చోట మళ్ళీ పుండు తెరుచుకున్నా, తిన్నదల్లా వాంతి చేసుకున్నా, తేదీ కోసం ఆగకుండా కాలిన గాయాల విభాగానికి తీసుకెళ్ళండి. మొదటి నెలలో అర కిలో పెరిగినా అది మంచి నెలే.

ఆ క్యాలెండరు మీద అంకె రాసే పని మాత్రం మీ అత్తగారికి ఇవ్వండి, చదువు రాకపోతే పాప చేత అంకె చెప్పించుకుని గీత పెడతారు.